ఉండు, కంపెనీకి వస్తా

ఆమె పోయిన రోజు మా బిల్డింగు వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు సంతాపం పెట్టింది నేనే. ఇలాంటి వాటిలో నేను వెనకబడను. పుట్టినరోజైనా, చావైనా, నీళ్ల మోటారు చెడిపోయినా నా ఇంగ్లీషు రెండు వాక్యాలు అక్కడ ఉండి తీరాలి. ఆమె కంపెనీ లేని లోటు మాకందరికీ తీరనిదని ఘనంగా రాసి, చేతులు జోడించిన బొమ్మ ఒకటి తగిలించి ఫోను జేబులో పెట్టుకున్నాను. కాసేపటికే మూడో అంతస్తులో కొత్తగా దిగిన కుర్రాడు జవాబిచ్చాడు. "చాలా బాధగా ఉంది సార్. మేడమ్‌ది ఏ కంపెనీ?"

నాకు నవ్వొచ్చింది. చావింటి గేటు దగ్గర నిలబడి నవ్వినందుకు మా ఆవిడ నా మోచేయి గట్టిగా గిల్లింది. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. నేనూ ఒకప్పుడు ఆ మాటకు అతనికి తెలిసిన అర్థం తప్ప ఇంకోటి ఉందనుకోలేదు.

చింతాద్రిపేటలో, కూవం మురికి ఏటి వైపు తిరిగే ఒక వీధిలో మా బిల్డింగు. గేటు పక్కన ఒక గది, దాని ముందు చిన్న తిన్నె. ఆ గదిలో ఆమె ఒక్కతే ఉండేది. నేను ఆమెను అత్తా అని పిలిచేవాణ్ణి. ఆమె నన్ను నాయనా అనేది. కోపమొస్తే మాత్రం "ఏమయ్యా ఆపీసరూ" అనేది. ఆమె భర్త గురించి నాకు తెలిసింది ఒకే ఒక్క వాక్యం. "కంపెనీ మంచిదే నాయనా, ఆడ దొరికిన కంపెనీ చెడ్డది" అని ఒకసారి చెప్పి, చేతిలోని చింతపండు గింజలు తీసుకుంటూ కూర్చుంది. ఉద్యోగం మంచిదే, సావాసం చెడ్డదని నాకు అర్థం కావడానికి మెట్లెక్కి ఇంటికి పోయేంత సేపు పట్టింది.

లోకంలోని వస్తువులన్నీ ఆమె లెక్కన రెండే రకాలు. కంపెనీవి, లోకల్‌వి. ఎవరింటికి పోయినా ముందు ఫ్యాను వైపు తలెత్తి చూసేది. కుక్కరు మూతను వేలి కణుపుతో తట్టి శబ్దం వినేది. మేం కొత్త మిక్సీ కొన్నప్పుడు దాని అడుగున అంటించిన కాగితం చూపిస్తే గానీ నమ్మలేదు. వస్తువుల దగ్గర ఆగినా బాగుండేది. రెండో అంతస్తు వాళ్ల అమ్మాయికి సంబంధం వచ్చి, పెళ్లికొడుకు వాళ్లు చూసి వెళ్లిన సాయంత్రం, అందరి ముందూ తీర్పు చెప్పేసింది. "పిల్లోడు బాగానే ఉండాడు. అయితే కంపెనీ కాదు, లోకలే. జాగర్తగా వాడుకుంటే వస్తాడు."

నేను అప్పట్లో ఊరికి దక్షిణాన ఒక గాజు భవనంలో పెద్ద ఉద్యోగం చేసేవాణ్ణి. పెద్ద అని నేనే అనుకునేవాణ్ణి. మా నాన్న పెరంబూరు రైలు కార్ఖానాలో ముప్ఫై ఏళ్లు పనిచేసి కూడా ఎన్నడూ "మా కార్ఖానా" అనలేదు. నేను మాత్రం నోరు తెరిస్తే "మా కంపెనీ". మా కంపెనీలో అట్లా కాదు, మా కంపెనీ ఒక కుటుంబం, మా కంపెనీ క్యాంటీన్‌లో పన్నెండు రకాల దోసెలు. ఒకరోజు తిన్నె దగ్గర ఆగి ఇదే ధోరణిలో మాట్లాడుతుంటే ఆమె అడ్డం వచ్చింది.

"నీదా కంపెనీ?"

"నాది కాదత్తా. నేను పనిచేసే కంపెనీ."

"మీ నాయనదా?"

"కాదు."

"మరి మా కంపెనీ, మా కంపెనీ అంటావేంది? నేను దినామూ రేషన్ అంగడికి పోతా. మా అంగడి అంటానా?"

నిబద్ధత, అంకితభావం అని ఏవేవో చెప్పబోయాను. ఆమె మధ్యలోనే లేచి పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది.

మొదటిసారి ఆమె నాకు కంపెనీ ఇచ్చింది పళ్ల డాక్టరు దగ్గరికి. దవడ పన్ను పీకించుకోవాలి. నాకేమీ భయం లేదని ఆఫీసులో పదిమందికి చెప్పి, సెలవు పెట్టి, గేటు దగ్గర ఆటో కోసం నిలబడ్డాను. ఆమె తిన్నె మీద చిక్కుడుకాయలు వలుస్తోంది.

"యాడికి నాయనా, మొహం ఒక పక్క ఇడ్లీ మాదిరి ఉబ్బుండాది?"

"పన్ను పీకించుకోను పోతా ఉండా అత్తా."

"ఒకడివేనా?"

"పన్ను ఒకటే గదా" అన్నాను, గొప్ప హాస్యం పండించాననుకుని.

ఆమె నవ్వలేదు. "ఉండు, కంపెనీకి వస్తా" అంది.

నేను వద్దనేలోపల చిక్కుళ్ల చేట లోపల పెట్టేసి, వైరు బుట్ట తగిలించుకుని, నాకంటే ముందే ఆటో ఎక్కి కూర్చుంది. ఆ ప్లాస్టిక్ వైరు బుట్ట ఆమె అల్లుకున్నదే. అందులో ఒక నీళ్ల సీసా, మురుకుల పొట్లం, ఒక విసనకర్ర ఎప్పుడూ ఉండేవి. అంత వయసు మనిషిని పన్ను పీకించుకోవడానికి తోడు తెచ్చుకున్నానని డాక్టరు ఏమనుకుంటాడో అని దారి పొడవునా సిగ్గుపడుతూనే ఉన్నాను. ఆస్పత్రిలో ఒక మూల కుర్చీ చూసి కూర్చుని, ఆమెకూ నాకూ సంబంధం లేనట్టు నటిస్తూ ఫోన్లో ఆఫీసు మెయిళ్లు చదువుకుంటున్నాను. తలెత్తి చూసేసరికి ఆమె కుర్చీ ఖాళీ. లోపలికి తొంగి చూస్తే పడక కుర్చీలో ఆమె నోరు బార్లా తెరుచుకుని ఉంది, డాక్టరు సన్నటి ఇనప కడ్డీతో ఒక్కో పన్నూ తట్టి చూస్తున్నాడు.

"పిలిచినారు నాయనా. పిలిస్తే పోకపోతే ఏం మర్యాద?" అంది బయటికొచ్చి. "అన్నీ గట్టిగా ఉండాయంట. కంపెనీ పళ్లంటే ఇయ్యే."

తిరిగొస్తుంటే నాకు సగం నోరు మొద్దుబారి ఉంది. ఆమె ఆటోలో ఇంటిదాకా మాట్లాడుతూనే ఉంది. నేను ఊఁ కొట్టడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాను. చాలాకాలం తరవాత కూడా, "ఆ దినం నువ్వు బాగా మాట్లాడినావు" అని మెచ్చుకునేది.

ఆమె వెంట ఉంటే పని తొందరగా అవుతుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. చేతికిచ్చిన టోకెన్ పోగొట్టేది. బస్సు నంబర్లు తప్పు చెప్పేది. ఏ ఆఫీసులో కూర్చోబెట్టినా క్షణాల్లో తల వాల్చి నిద్రపోయేది. రెండో అంతస్తు ఆయన నీళ్ల పన్ను విషయంలో ఆమెను వెంట తీసుకుపోయాడు. ఇంట్లో కొళాయిలెన్ని అని గుమాస్తా అడిగితే ఆయన ఒకటే అన్నాడు. అప్పటిదాకా నిద్రపోతున్న మనిషి కళ్లు తెరిచి, "నాలుగుండాయి గదయ్యా, ఒకటి కారతా గూడా ఉండాది" అంది. ఆయన ఆ సాయంత్రం ఆమెను తిట్టని తిట్టు లేదు. ఆ తరవాతి నెల భార్యకు స్కానింగ్ తీయించాల్సి వచ్చినప్పుడు, మళ్లీ ఆమె తలుపే కొట్టాడు.

ఇది నాకు అంతుపట్టలేదు. మేం ప్రతిదానికీ ఏం ఒరిగిందని లెక్క తీసే మనుషులం.

"నువ్వు వచ్చినా రాకపోయినా పన్ను ఊడేది ఊడతాది గదత్తా. నువ్వు వచ్చేదాని వల్ల ఏంది లాభం?" అని అడిగాను.

"ఊడేది ఊడతాది" అంది ఆమె. "ఊడినాక పక్కకు తిరిగి చూస్తే ఎవరో ఒకరు ఉండాల గదా."

నేను ఒప్పుకోలేదు. ఇంట్లో మా ఆవిడతో, ఈ వీధిలో జనానికి బొత్తిగా సమయం విలువ తెలియదని అన్నాను కూడా.

తరవాత ఒక మంగళవారం మధ్యాహ్నం, నన్ను ఒక చిన్న గదిలోకి పిలిచారు. బల్ల అవతల నాకంటే పదేళ్లు చిన్నదైన అమ్మాయి. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, మన కంపెనీ ఒక కుటుంబం అని స్వాగతోపన్యాసం ఇచ్చింది నేనే. ఆమె నా వంక చూడకుండా, నా సేవలకు కంపెనీ ఎప్పటికీ కృతజ్ఞతతో ఉంటుందని చెప్పింది. ల్యాప్‌టాప్ ఇచ్చేశాను. మెళ్లో కార్డు ఇచ్చేశాను. దాని తాడు ఉంచుకోవచ్చా అని అడిగాను. ఎందుకు అడిగానో ఇప్పటికీ తెలియదు. పాపం ఆ అమ్మాయి, ఉంచుకోండి సార్ అంది.

మా ఆవిడకు చెప్పలేదు. బ్యాంకులో ఉద్యోగం ఆమెకు. ఇల్లు గడవదన్న భయం లేదు. నా భయం వేరు. మా కంపెనీ లేకుండా నేను ఆమెకు ఎట్లా కనబడతానో నాకు తెలియదు. అందుకని రోజూ పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఖాళీ తాడు మెళ్లో వేసుకుని కొస జేబులో దోపుకుని, గొడుగూ టిఫిన్ డబ్బా మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని బయల్దేరేవాణ్ణి. చింతాద్రిపేట స్టేషన్ మెట్లెక్కి ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చునేవాణ్ణి. పైన గాలి బాగుంటుంది. రైళ్లు వచ్చేవి, పోయేవి. ప్రతి రైలుకూ, ఇది కాదు నేనెక్కేది అన్నట్టు మొహం పెట్టేవాణ్ణి. చూసేవాళ్లెవరూ లేకపోయినా సరే.

అక్కడే అత్తకు దొరికిపోయాను. ఎవరో చుట్టాలావిణ్ణి రైలెక్కించడానికి వచ్చి, వెనక్కి తిరిగి, నన్ను చూసింది.

"ఏంది నాయనా, కంపెనీకి పోలా?"

"లీవు అత్తా ఈ దినం."

ఆమె నా బూట్లు చూసింది. సంచి చూసింది. చొక్కా జేబులోకి దిగిన తాడు చూసింది. "లీవు దినం గూడా మెళ్లో తాడు ఉండాల్నా?" అంది.

నేను పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె పక్కన కూర్చుని, బుట్టలోంచి ఒక మురుకు తీసి సగం విరిచి నాకిచ్చింది. ఇద్దరం తిన్నాం. ఇంకో రైలు వచ్చి పోయింది.

"సరి, లే" అంది చివరికి. "సుమ్మా ఊరికే కూర్చుంటే నడుం పట్టేస్తాది. కంపెనీకి రా."

ఆ మాట వినగానే నా చెయ్యి మెళ్లో తాడు మీదికి పోయింది. ఆమె చెప్పేది ఇంకో కంపెనీ అని తెలియడానికి ఒక క్షణం పట్టింది.

సిటీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు. కండక్టరు ఆమెకు ఊరికే చీటీ చించిచ్చి, నా దగ్గర మాత్రం డబ్బులు తీసుకున్నాడు. ఉద్యోగం పోయిన తరవాత నేను పెట్టిన మొదటి ఖర్చు, ఒకరికి కంపెనీ ఇవ్వడానికి. పోయింది పెద్దాసుపత్రికి. మా వీధిలో ఇస్త్రీ బండి నడిపే ఒకామె భర్త కాలు విరిగి అక్కడ వార్డులో ఉన్నాడు. ఆ ఇస్త్రీ బండామె స్నానం చేసి, నాలుగు మెతుకులు తిని వచ్చేదాకా అతని పక్కన ఎవరైనా ఉండాలి. అది అత్త రోజూ చేస్తున్న పనేనని నాకప్పుడు తెలిసింది.

నేను ఊరికే కూర్చోలేకపోయాను. పదిహేనేళ్ల అలవాటు. నర్సు ఎన్ని గంటలకొస్తుంది, ఎక్స్‌రే ఎవరి దగ్గరుంది, ఈ మాత్ర ఎందుకు అని వరసగా అడగడం మొదలుపెట్టాను. మూడో రోజుకల్లా ఎవరెప్పుడు వచ్చి కూర్చోవాలో ఫోన్లో పట్టిక తయారు చేశాను. పక్క మంచం మనుషులను కూడా అందులో చేర్చాను. ఇస్త్రీ ఆయన నన్ను చూడగానే కళ్లు మూసుకోవడం మొదలుపెట్టాడు. నొప్పేమో అనుకున్నాను.

నాలుగో రోజు అత్త నన్ను వరండాలోకి పిలిచింది.

"ఏమయ్యా ఆపీసరూ, నువ్వు వచ్చింది కంపెనీ ఇయ్యనా, కంపెనీ నడపనా?"

ఆ తరవాత నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. సులభం కాదు. మొదట్లో నిమిషానికొకసారి చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయేది. పోయినప్పుడల్లా ఆమె విసనకర్రతో మణికట్టు మీద ఒకటి వేసేది. కొన్నాళ్లకు ఇస్త్రీ ఆయన తనంతట తానే కళ్లు తెరిచి, ఏ గుడ్డకు ఎంత వేడి పెట్టాలో, బొగ్గు మంచిదో కాదో ఎట్లా తెలుస్తుందో చెప్పసాగాడు. నాకు ఒక్క ముక్క గుర్తులేదు. అతను చెబుతుండగా అతని మొహం గుర్తుంది.

ఇంట్లో మాత్రం నా నటన నడుస్తూనే ఉంది. ఒక సాయంత్రం మా ఆవిడ నా చొక్కా వాసన చూసి, "మీ ఆఫీసులో ఫినాయిల్ వాసనేంది?" అంది. క్లీనింగు కంట్రాక్టు కొత్తవాళ్లకిచ్చారని చెప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు బస్సులో అత్త అడిగింది. "ఆ పిల్లకు చెప్పినావా?"

"లేదత్తా."

"ఎందుకు?"

"భయం."

నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది. "పద. కంపెనీకి వస్తా."

అట్లా నా ఉద్యోగం పోయిన సంగతి నా భార్యకు చెప్పడానికి నేను ఒక మనిషిని తోడు తీసుకుని నా ఇంటికే పోయాను. మా ఆవిడ అప్పుడే బ్యాంకు నుంచి వచ్చి ఉంది. మా ఇద్దర్నీ చూసి, "ఏందత్తా, ఏమైనా కావాల్నా?" అంది.

"ఏమీ వద్దమ్మా. సుమ్మా కంపెనీకి వచ్చినా" అని అత్త సోఫాలో కూర్చుంది. నేను గొంతు సవరించుకుని, కంపెనీలో కొన్ని మార్పులు జరుగుతున్న నేపథ్యంలో, అని మొదలుపెట్టాను. నేపథ్యం పూర్తయ్యేసరికి అత్త నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయింది.

నేను అసలు సంగతి చెప్పాను. మా ఆవిడ గట్టిగా ఏదో అనబోయి, సోఫా వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఎన్ని దినాలైంది?" గుసగుసగా అడిగింది.

నేనూ గుసగుసగానే చెప్పాను.

"ఇన్ని దినాలు పొద్దున లేచి యాడికి పోతా ఉండారు?"

"స్టేషన్‌కు. ఆనక ఆస్పత్రికి."

"ఆస్పత్రికా? ఎవురితో? ఇంకెవురో ఆడమనిషి ఉండాదేమో అని నేను రాత్రుల్లో ఏడస్తా ఉంటే..."

ఉన్నమాటేనని సోఫా వైపు చూపించాను. పెళ్లయిన ఇన్నేళ్లలో మేం గుసగుసలతో పోట్లాడింది అదొక్కసారే. తిట్లకు గొంతు కావాలి. గొంతు లేకపోతే తిట్లు కూడా ఏవో కబుర్లలాగే వినబడతాయి. కాసేపటికి ఆమె కోపం మాటలు వెతుక్కోవడం మానేసింది. కళ్లు తుడుచుకుని అంది. "ఆ బెంచీ మీద ఒకరే కూర్చోనుంటిరే. నాకు చెప్పుంటే ఒక దినం లీవు పెట్టి నేనూ వచ్చి కూర్చోనుందును గదా."

నేను భయపడిన మాటల్లో ఇది లేదు. అప్పుడు అత్త కళ్లు తెరిచింది.

"అయిపోయిందా? కాఫీ ఉండాదామ్మా?"

కాఫీ తాగుతూ, నా మొహం చూసి జాలిపడిందేమో, ఎన్నడూ లేనిది ఆమె తన వాళ్ల ముచ్చట చెప్పింది. "మా ముత్తాతల్ని ఈడ తెచ్చి పెట్టింది గూడా కంపెనీ వాళ్లేనంట నాయనా. అప్పట్లో కుంపిణీ అనేవాళ్లు. నేత నేసేవాళ్లు కావాల్నని ఇండ్లు ఇచ్చి ఈ పేట కట్టించినారంట. ఇప్పుడు వాళ్లు యాడుండారు? మేం ఉండాం. మగ్గాలు లేవులే, అది వేరే సంగతి."

కొన్ని నెలలకు నాకు ఇంకో ఉద్యోగం దొరికింది. చిన్నది. జార్జి టౌన్‌లో ఒక ఇరుకు సందులో, కిందంతా కాగితపు గోడౌను, పైన మేం ఆరుగురం. తోపుడుబండ్ల వాళ్లు దారిస్తే తప్ప పైకి పోలేం. అత్త అడిగింది. "కంపెనీనా, లోకలా?"

"లోకలే అత్తా."

"మేలు. చెడిపోతే రిపేరు ఈడనే అవతాది."

ఆ తరవాతి సంగతి చెప్పడం కష్టంగా ఉంది కనక తొందరగా చెప్పేస్తాను. ఒక శనివారం మధ్యాహ్నం బస్‌స్టాపులో నేను నిలబడి ఉంటే ఆమె బస్సు దిగింది. అలవాటుగా ఆమె వెనకాల చూశాను. ఎవరూ లేరు.

"ఎవురికి కంపెనీ పోయినావత్తా?"

"నాకే" అంది.

ఆస్పత్రికి పోయివస్తోంది. అది మొదటిసారి కాదు. వీధిలో ఎవరికీ చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. ఊరందరి వెంట తిరిగే మనిషి తన జబ్బుకు ఒక్కతే ఎట్లా పోతుంది? నన్నెందుకు పిలవలేదని నడివీధిలో గొంతు పెంచాను.

"నిన్నా?" అంది ఆమె. "నువ్వు ఊరుకోవు నాయనా. డాక్టరును సతాయిస్తావు. ఫోన్లో చూసి నా రోగానికి పేరు చెప్తావు. నాకు పేరొద్దు."

"చెప్పను. అడగను."

"ఫైలు తెరవగూడదు."

"తెరవను."

అట్లా నన్ను ఉద్యోగంలోకి తీసుకుంది. తరవాత నాలుగైదుసార్లు ఆమెతో పోయాను. ఫైలు ఒడిలో పెట్టుకుని, దాని మీద చేతులు ముడుచుకుని కూర్చునేవాణ్ణి. ఆమె చిక్కిపోతోంది. రవిక భుజాల మీద నిలవడం లేదు. పక్క కుర్చీలోని వాళ్లు, మీ అమ్మకేం జబ్బు అని అడిగితే తెలియదని చెప్పేవాణ్ణి. ఇదేం కొడుకురా అన్నట్టు చూసేవాళ్లు.

చివరిసారి ఆమె డాక్టరు గదిలో ఎక్కువసేపు ఉండలేదు. బయటికొచ్చి, "పద" అంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ వచ్చింది. మాట ప్రకారం నేనేమీ అడగలేదు. మా స్టాపుకు ముందు ఆమే చెప్పింది.

"ఇంక రావద్దన్నాడు."

"ఎవురు, డాక్టరా? ఇంక రానవసరం లేదన్నాడా?"

"ఆఁ."

"అట్టయితే నయమైపోయినట్టే గదత్తా!"

ఆమె నా వైపు తిరిగి, చాలాసేపు నా మొహం చూసింది. "అట్టనే అనుకో" అంది.

నేను పట్టరాని సంతోషంతో స్టాపు దగ్గర ఆమెను నిలబెట్టి, ఎదురుగా ఉన్న అంగట్లో మైసూరుపాకు కొన్నాను. నెయ్యిది, మంచిది. ఆమె అక్కడే ఒక ముక్క నోట్లో వేసుకుని, బాగుందంది. ఇద్దరం పెట్టె పట్టుకుని వీధిలో నడిచాం. ఇస్త్రీ బండి దగ్గర ఆగాం. చేపలమ్మే ఆడవాళ్ల దగ్గర ఆగాం. ఏం విశేషం అని అందరూ అడిగారు. "ఈ నాయన్ని అడగండి" అని ఆమె పక్కకు జరిగి నిలబడింది. నేను అందరికీ చెప్పాను. అత్తకు నయమైపోయింది, డాక్టరు ఇంక రావద్దన్నాడు. ఇస్త్రీ ఆయన చేతిలో ముక్క పట్టుకుని నా వంకా ఆమె వంకా చూశాడు. తినలేదు. అతనికి తీపి పడదేమో అనుకుని పైకి వచ్చేశాను.

మా ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. శుభవార్త చెప్పాను.

"డాక్టరు ఏమన్నాడో సరిగ్గా చెప్పండి" అంది.

"ఇంక రావద్దన్నాడంట."

ఆమె పొయ్యి కట్టేసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను ఆమె మొహం చూస్తూ నిలబడ్డాను. చూస్తుండగా అర్థమైంది.

కిందికి దిగాను. అత్త తిన్నె మీద కూర్చుని, మిఠాయి పెట్టె దారాన్ని వేలికి చుడుతూ ఉంది. నన్ను చూసి, "ఆ పిల్ల చెప్పిందా?" అంది.

"ఎందుకత్తా నాకు చెప్పలా?"

"యాడ చెప్పనిచ్చినావు? అంగడి కనపడగానే దుంకి పోతివి." దారం చుట్ట విప్పి, మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. "ఎన్నాళ్లకో ఒకడు నా కోసరం అంత సంతోషపడతా ఉండాడు. చెడగొట్టబుద్ధి కాలా."

ఆమె పక్కన కూర్చున్నాను. అడగవలసినవి ఎన్నో ఉన్నాయి. నొప్పి ఉందా, ఎన్నాళ్లన్నారు, రాత్రిపూట ఎవరుంటారు. ఏదీ అడగలేదు. చేపలమ్మే ఆడవాళ్లు బల్లలు కడిగిన నీళ్లు వీధి వాలుకు పారుతున్నాయి. కూవం మీది నుంచి సాయంత్రపు గాలి తన వాసన తాను మోసుకుని వచ్చింది. పెట్టెలో ఒక ముక్క మిగిలి ఉంది. ఆమె దాన్ని రెండుగా విరిచి, పెద్దది నాకిచ్చింది. తిన్నాం.

చీకటి పడుతుండగా ఆమె తలెత్తి పైకి చూసింది. మా వంటింట్లో లైటు వెలుగుతోంది. కిటికీలో ఎవరూ కనబడలేదు.

"పైకి పో నాయనా" అంది. "ఆడ ఆ పిల్ల ఒకతే ఉండాది."